బేస్ గిటార్ ఇల్లాలి లాంటిది కాదండీ

పోయిన ఉగాదికి ఓ అపార్ట్‌మెంట్ వాళ్ళు మా బ్యాండ్‌ని ప్రోగ్రాంకి పిలిచారు. సెల్లార్లో కార్లన్నీ బయటికి తీయించి, చిన్న స్టేజీ వేసి, ఓ పక్క పులిహోర, బొబ్బట్లు పెట్టారు. రెండు గంటలు వాయించాం. పాత ఇళయరాజా పాటలు ఓ పది, కొత్తవి నాలుగు, చివర్లో పిల్లలు గెంతడానికి రెండు. అంతా అయ్యాక అసోసియేషన్ పెద్దాయన మైకు తీసుకుని ఒక్కొక్కరికీ శాలువా కప్పుతూ రెండేసి మాటలు చెప్పారు. డ్రమ్స్ అబ్బాయి పిడుగన్నారు. గిటార్ అబ్బాయి మాంత్రికుడన్నారు. నా దగ్గరికి వచ్చేసరికి గొంతు కాస్త తగ్గించి, ఆర్ద్రంగా ఇలా అన్నారు:

"అమ్మా, మీ బేస్ గిటార్ ఉంది చూశారూ, అది ఇల్లాలి లాంటిది. ఉన్నప్పుడు ఎవరికీ తెలియదు. లేనప్పుడే తెలుస్తుంది."

చప్పట్లు మోగిపోయాయి. ఆడవాళ్ళ వైపు నుంచి మరీ గట్టిగా. నేనూ నవ్వేసి దణ్ణం పెట్టాను.

ఇంటికొచ్చి, రాత్రి పదకొండున్నరకి సింకు ముందు నిలబడి గిన్నెలు తోముతుంటే అప్పుడు మొదలైంది ఒళ్ళు మంట. అది పొగడ్తని చప్పట్లు కొట్టామే, అసలు ఆయన ఏమన్నట్టు? 'నిన్ను ఎవరూ గమనించలేదు, గమనించక్కర్లేదు, అదే నీ గొప్పతనం' అన్నట్టు కదూ? బేస్ గిటార్ గురించీ తప్పే, ఇల్లాలి గురించీ తప్పే. రెండు తప్పుల్ని కలిపి శాలువా కప్పేశారు.

ఆయన మీద నాకు కోపం లేదు. మంచి మనసుతోనే అన్నారు. ఆ మాట మీదే నా తగువంతా.

ముందు నేను ఇందులోకి ఎలా వచ్చానో చెప్తాను. చిన్నప్పుడు మా ఊళ్ళో నాలుగేళ్ళు వీణ నేర్చుకున్నాను. పెళ్ళిచూపుల్లో "అమ్మాయికి సంగీతం వచ్చండీ" అని చెప్పడానికి అది పనికొచ్చింది. పెళ్ళయ్యాక మళ్ళీ ఎవరూ అడగలేదు. వీణ అమ్మావాళ్ళింట్లోనే ఉండిపోయింది. ఇరవై ఏళ్ళు గడిచాయి. మావాడు ఇంజనీరింగ్‌లో చేరినప్పుడు మారాం చేసి బేస్ గిటార్ కొనిపించుకున్నాడు. ఉద్యోగం రాగానే దాన్ని బీరువా మీద పడేసి పుణె వెళ్ళిపోయాడు. దుమ్ము దులుపుదామని దించాను. తీగలు నాలుగు. వీణకీ వాయించేవి నాలుగే, మిగతా మూడూ తాళానికి. మెట్లు దీనికీ ఉన్నాయి, దానికీ ఉన్నాయి. కింద కూర్చుని ఒళ్ళో పెట్టుకుని ఓ తీగ మీటాను. శబ్దం చెవికంటే ముందు పొట్టకి తెలిసింది.

అప్పటికి నాకు నలభై ఒకటి. ఫోన్లో పాఠాలు చూస్తూ మొదలుపెట్టాను. మామూలు గిటార్ కంటే దీని మెడ చాలా పొడుగు, తీగ పొడవే 34 అంగుళాలు. మొదటి మెట్ల దగ్గర ఎడమచెయ్యి వేళ్ళు చాచి చాచి మణికట్టు లాగేసేది. తీగలు లావు. నెలరోజులకి వేళ్ళ కొసలు కాయకాచి, వేడి గిన్నె మూత పట్టుకున్నా తెలిసేది కాదు. పట్టీతో భుజానికి తగిలించుకుంటే నాలుగు కిలోల బియ్యం మూట వేలాడుతున్నట్టే. బిందెలు మోసిన భుజాలే కదా అనుకున్నాను.

మా బ్లాకులోనే ఉండే ఓ బ్యాంకు ఉద్యోగి సాయంత్రాలు డ్రమ్స్ వాయిస్తాడు. వాళ్ళ బ్యాండులో బేస్ వాయించే అబ్బాయి బెంగుళూరు వెళ్ళిపోయాట్ట. మా గోడలోంచి రోజూ వినిపిస్తున్న 'దుం దుం' ఎవరిదా అని వచ్చి బెల్లు కొట్టాడు. తలుపు తీసింది నేను. "అన్నయ్యగారు ఉన్నారాండీ, బేస్ వాయిస్తున్నారుగా?" అన్నాడు. వాయించేది నేనేనంటే పాపం ఓ నిమిషం మాట రాలేదు. రిహార్సల్‌కి వెళ్ళిన మొదటి రోజు మిగిలినవాళ్ళు నాకు మైకు ఇవ్వబోయారు. ఆడమనిషి బ్యాండులోకి వచ్చిందంటే పాడటానికే అని వాళ్ళ లెక్క. పాడను, వాయిస్తాను అని చెప్పాల్సి వచ్చింది. ఇప్పటికీ ప్రతి ప్రోగ్రాంలోనూ ఎవరో ఒకరు "మీరే పాట పాడతారండీ?" అని అడుగుతూనే ఉంటారు, నాలుగు కిలోల వాయిద్యం భుజాన వేలాడుతుంటే కూడా.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. 'ఉన్నప్పుడు ఎవరికీ తెలియదు' అన్నారు కదా. ఎవరికి తెలియదు?

డ్రమ్స్ అబ్బాయికి తెలుసు. అతని కుడికాలు తొక్కే పెద్ద డ్రమ్మూ, నా వేలూ ఒకే క్షణంలో పడాలి. నేను ఆవగింజంత వెనకపడినా అతను తలెత్తి నా వైపు చూస్తాడు. కీబోర్డు మాస్టారికి మరీ బాగా తెలుసు. ఆయన పైన స-గ-ప కలిపి పట్టుకున్నారనుకోండి. నేను కింద స వాయిస్తే అది హాయిగా, వెలుతురుగా ఉంటుంది. ఆయన వేళ్ళు అక్కడే ఉండగా నేను ఒక్కదాన్నీ కిందకి దిగి మంద్రంలో ద వాయించానా, అవే మూడు స్వరాలు దిగులుగా మారిపోతాయి. ఆయన ఏమీ మార్చలేదు. మార్చింది నేను. పైన వినిపించే స్వరాలకి అర్థమేమిటో కింద ఉన్న తీగ నిర్ణయిస్తుంది. ఇదీ బేస్ చేసే పని. నిశ్శబ్ద సేవ కాదండీ ఇది, నిర్ణయం. మన ఇళ్ళల్లో ఎంతమంది ఇల్లాళ్ళ చేతిలో నిర్ణయం ఉందో గుండెమీద చెయ్యేసుకుని చెప్పండి. పునాది మోసే పని మనది, గోడ ఎక్కడ లేపాలో చెప్పేది మాత్రం వేరేవాళ్ళు.

మరి వినేవాళ్ళకి ఎందుకు తెలియదంటారా? బేస్ గిటార్‌లో అన్నిటికంటే మందపు తీగ సెకనుకి 41 సార్లు కంపిస్తుంది. ఫోన్లో ఉండే వేలెడంత స్పీకరు అంత కింది శబ్దాన్ని పలకలేదు. ఫోన్లో పాట విని 'బేస్ వినపడలేదు' అంటే లోపం బేస్‌ది కాదు కదా? 'గీతాంజలి' పాటలు ఓసారి మంచి హెడ్‌ఫోన్లు పెట్టుకుని, గాయకుల్ని పక్కనపెట్టి, కింద నడిచే గీతనే పట్టుకుని వినండి. 1989 నుంచీ వింటున్న పాట కింద ఇంకో పాట నడుస్తోందని అప్పుడు తెలుస్తుంది. అది ఇవాళ పుట్టలేదు. మనం ఇవాళ విన్నాం.

కనపడకపోవడం వాయిద్యం స్వభావం కాదని చెప్పడానికి నాకు దొరికిన పెద్ద సాక్షులు ఇద్దరున్నారు. ఒకాయన జేమ్స్ జేమర్సన్. అమెరికాలో డెట్రాయిట్‌లో మోటౌన్ అనే రికార్డు కంపెనీకి 1960ల్లో వరసబెట్టి హిట్ పాటలకి బేస్ వాయించాడు. ప్రపంచమంతా ఆ పాటలకి చిందులేసింది. రికార్డు అట్ట మీద ఆయన పేరు మాత్రం ఉండేది కాదు. 1971లో మార్విన్ గే ఆల్బం మీద పేరు వేసేదాకా ఆయనెవరో వినేవాళ్ళకి తెలియదు. ఆయన తీగ వినపడకా? పేరు అచ్చు వెయ్యక.

రెండో సాక్షి కెరోల్ కే. 1935లో పుట్టింది. పిల్లల్ని పెంచుకుంటూ లాస్ ఏంజిలిస్ స్టూడియోల్లో గిటార్ వాయించేది. 1963లో ఒకరోజు బేస్ ఆయన రాకపోతే ఆ వాయిద్యం ఈవిడ చేతికిచ్చారు. తర్వాత కొన్ని వేల రికార్డింగుల్లో వాయించింది. ఎంతో కాలం వాటి మీదా ఈవిడ పేరు లేదు. 2025లో, తొంభయ్యో ఏట, రాక్ సంగీతం వాళ్ళ పెద్ద గౌరవం ఒకటి ఈవిడకి ప్రకటిస్తే, వద్దంది. స్టూడియో వాద్యకారులు నిజంగా చేసిన పనిని ఆ గౌరవం చూపించడం లేదని ఆవిడ బాధ. నేను శాలువా కప్పించుకుని దణ్ణం పెట్టి వచ్చానే, ఆవిడ 'ఈ శాలువా నాకొద్దు' అనగలిగింది. ఆ సంగతి చదివిన రోజు నాకు నిజంగానే సిగ్గేసింది.

ఇక రెండో సగం. 'లేనప్పుడే తెలుస్తుంది.' ఈ మాటని మన చెవులకి ఎంత తియ్యగా అలవాటు చేశారో చూడండి. అమ్మ గురించి అంటారు, భార్య గురించి అంటారు, అత్తగారు పోయిన పదోరోజున అంటారు. ఉన్నప్పుడు తెలుసుకోవడానికి ఏమడ్డమొచ్చిందని మాత్రం ఎవరూ అడగరు. మన జనాభా లెక్కల్లో ఇంటిపని మాత్రమే చేసే ఆడవాళ్ళు 'పని చేయనివాళ్ళ' కింద పడతారు. 2019లో ప్రభుత్వం జరిపిన సర్వేలో ఇంట్లో జీతంలేని పని చేసే ఆడవాళ్ళు రోజుకి సగటున 299 నిమిషాలూ, ఆ పని చేసే మగవాళ్ళు 97 నిమిషాలూ చేస్తున్నారని తేలింది. ఐదు గంటలకి ఒక్క నిమిషం తక్కువ. అది పని చేయకపోవడమట! 2021 జనవరిలో సుప్రీంకోర్టులో జస్టిస్ ఎన్.వి. రమణ గారు ఇల్లాలి పనికీ ఆదాయం లెక్క కట్టాల్సిందేనని రాశారు. చాలా మంచి మాట, చేతులెత్తి దణ్ణం పెడతాను. కానీ అది ఏ కేసులోనో గమనించారా? రోడ్డు ప్రమాదంలో పోయినవాళ్ళ నష్టపరిహారం కేసులో. అంటే మన పనికి రూపాయల్లో విలువ కట్టించుకోవాలంటే ముందు మనం పోవాలి. 'లేనప్పుడే తెలుస్తుంది' అన్న మాటకి కోర్టు భాషలో అర్థం అదే.

ఇంకో తేడా కూడా ఉంది. బ్యాండులో నేను శ్రుతి చేసుకునేదాకా డ్రమ్స్ అబ్బాయి కర్ర ఎత్తడు. "అక్కా, రెడీనా?" అని నలుగురూ నావైపు చూస్తారు. ఇంట్లో నేను నెయ్యి గిన్నె తెచ్చేలోపు భోజనాలు సగమైపోతాయి. బ్యాండులో పాటకీ పాటకీ మధ్య రెండు నిమిషాలు మంచినీళ్ళు తాగుతాను. పాట మధ్యలో కూడా నేను ఆగాల్సిన చోట్లుంటాయి. అక్కడ ఆగకపోతేనే తప్పు. ఇంటిపనికి అలాంటి చోటు ఎక్కడుందో నాకు ఇరవై మూడేళ్ళుగా దొరకలేదు. అన్నిటికంటే ముఖ్యంగా, బ్యాండులో నాకు వాటా ఉంది.

ఆ వాటా కథ చెప్పకపోతే ఈ వ్యాసం రాయడం దండగ. అందులో నా తప్పు కూడా ఉంది.

మొదటి డబ్బులొచ్చిన ప్రోగ్రాం ఓ పుట్టినరోజు. పన్నెండు వేలు ఇచ్చారు. సౌండు సిస్టం అద్దె నాలుగు వేలు, ఆటో ట్రాలీకి వెయ్యి పోను ఏడు వేలు మిగిలింది. ఐదుగురం. తలా పద్నాలుగు వందలు. బ్యాండు చూసుకునే గిటార్ అబ్బాయి డబ్బులు పంచుతూ, "అక్కా, మీకు అవసరం లేదుగా, ఇంట్లో ఉండేవారే కదా. మీ వాటా కేబుళ్ళకీ వాటికీ ఉంచుదామా?" అన్నాడు. నేనేమన్నానో తెలుసా? "అయ్యో, దానికేముంది బాబూ, అలాగే" అన్నాను. ఎవరూ నా నోరు నొక్కలేదు. పెళ్ళయిన దగ్గర్నుంచీ అలవాటైన మాట అది, దానంతటదే వచ్చేసింది. తర్వాత రెండు ప్రోగ్రాములకీ అసలు అడగను కూడా లేదు. నలుగురికే పంచేశాడు.

నాలుగోసారి అడిగాను. ఎలా అడగాలో వారం రోజులు అనుకున్నాను. చివరికి "నా వాటా కూడా ఇవ్వు బాబూ" అని మాత్రమే అనగలిగాను. గదిలో అందరూ కేబుళ్ళు చుట్టుకుంటూ కిందకి చూశారు. అతని మొహం ఎర్రబడింది. "డబ్బు కోసం వాయిస్తున్నారనుకోలేదక్కా" అన్నాడు. అంటే మిగిలిన నలుగురూ దేవుడి కోసం వాయిస్తున్నారా? డ్రమ్స్ అబ్బాయి లేచి "లెక్క లెక్కేరా" అన్నాడు. ఆ రోజు నుంచి ఐదు వాటాలు పడుతున్నాయి. ముందు మూడు ప్రోగ్రాముల డబ్బూ రాలేదు. నేనూ మళ్ళీ అడగలేదు. అదింకా నన్ను పొడుస్తూనే ఉంది.

చేతికొచ్చిన ఆ మొదటి పద్నాలుగు వందలతో ఒక జత తీగలు కూడా రాలేదు. మావారి బంధువొకాయన నవ్వాడు కూడా: "ఇంతోటి దానికి ఇంత హైరానా ఎందుకమ్మా?" మగవాళ్ళు ఆదివారం క్రికెట్‌కి వెళ్ళి జేబులోంచి రెండు వేలు ఖర్చుపెట్టి, కాలు బెణికించుకుని వస్తే అది సరదా. ఆడది వాయించి పద్నాలుగు వందలు తెస్తే 'ఇంతేనా?' డబ్బు రాకపోతే 'మరెందుకు?' వస్తే 'ఇంతోటి దానికా?' ఏ దారిన వెళ్ళినా గేటు మూసే ఉంటుంది. అందుకే నేను జవాబు చెప్పడం మానేశాను. పద్నాలుగు వందలా, పద్నాలుగు లక్షలా అన్నది కాదు. ఏడు వేలని ఐదుతో భాగించారా, నాలుగుతో భాగించారా అన్నదే నా లెక్క.

మీలో కొందరు అనుకుంటూ ఉంటారు, 'నీకు కుదిరింది కాబట్టి కబుర్లు చెప్తున్నావు' అని. ఒప్పుకుంటాను. వాయిద్యం కొడుకు కొనిపించుకున్నది. మావారు ప్రోగ్రాముకి యాంప్లిఫయర్ మోసుకొస్తారు, గొణుగుతూనే అయినా. పెద్దవాళ్ళకి మంచం మీద సేవ చేసే ఇల్లాలికి ఆదివారం మూడు గంటలు ఎక్కణ్ణుంచి తెమ్మంటాను? అందరూ గిటార్ పట్టండని నేననను. మీకు మిషను కుట్టడం ఇష్టం కావచ్చు, పద్యం రాయడం కావచ్చు, చదరంగం కావచ్చు. అది చేసే మూడు గంటలకి ఒక పేరుండాలి, ఒక టైముండాలి, దాన్ని ఎవరు పడితే వాళ్ళు జరపకూడదు. ఇంతే అడిగేది.

మా అత్తయ్యగారి సంగతి కూడా చెప్పాలి. ఈ మొత్తం వ్యవహారంలో నన్ను మొహం మీదే కాదన్నది ఆవిడ ఒక్కరే. గొడవ గాజుల దగ్గర వచ్చింది. కుడిచేతి గాజులు తీగలకి తగిలి గలగలమంటాయి, మైకు దాన్నీ పట్టుకుంటుంది. తీసి పక్కన పెట్టాను. "ముత్తైదువ్వి, బోసిచేతులతో నలుగుర్లో నిలబడతావా? నేను చూడలేను" అన్నారు. రెండు వారాలు మాటల్లేవు. చివరికి రాజీ ఏమిటంటే, కుడిచేతివి మాత్రం తీస్తాను, చివరి పాట అవగానే వేసుకుంటాను. నాకది పూర్తిగా నచ్చలేదు, ఆవిడకీ నచ్చలేదు. కానీ ఆవిడ నా చెయ్యి చూశారండీ. అది ఏం చేస్తోందో చూసి, వద్దన్నారు. చూడకుండా పొగిడిన పెద్దాయన కంటే, చూసి తిట్టిన అత్తయ్యగారే నాకు నయమనిపించింది.

కింది శబ్దం గోడలు దాటుతుందని చెప్పాను కదా. నేను ప్రాక్టీసు చేసే గది పక్కదే ఆవిడ గది. మొన్నోరోజు సాయంత్రం దీపం పెట్టుకుని వచ్చి, "ఇవాళ రెండో పాటలో ఎక్కడో తడబడ్డావు, రోజూ అలా రాదే" అన్నారు. నిజమే, చరణంలో ఒక స్వరం తప్పుతోంది. మావారికి తెలియలేదు, మావాడికి ఫోన్లో వినిపించినా తెలియలేదు. డెబ్భై ఆరేళ్ళ ఆవిడ, సంగీతం ఓనమాలు రాని మనిషి, గోడవతలి నుంచి పట్టుకున్నారు. నేను లేనప్పుడు కాదు, ఉన్నప్పుడే.

కాబట్టి ఎవరైనా మైకు పట్టుకుని మనల్ని కనపడని పునాదులనీ, వినపడని శ్రుతులనీ పొగిడినప్పుడు దయచేసి చప్పట్లు కొట్టకండి. 'ఏం విన్నారో చెప్పండి' అని అడగండి. 'బేస్ బాగుంది' అంటే సంతోషం. 'రెండో పాటలో తప్పారు' అంటే ఇంకా సంతోషం. 'ఉన్నట్టే తెలియలేదు' అంటే మాత్రం అది పొగడ్త కాదు, వినలేదని ఒప్పుకోలు.

వచ్చే ఆదివారం మావారి పిన్ని మనవరాలి ఓణీల ఫంక్షను. అదే రోజు మూడింటికి రిహార్సల్. "ఈ ఒక్కసారికి మానెయ్యకూడదూ?" అని ఇప్పటికి ముగ్గురు అడిగారు. పొద్దున్నే వెళ్తాను, అక్షింతలు వేస్తాను, భోజనం చేస్తాను, రెండింటికి బయల్దేరతాను. నేను లేనని అక్కడెవరికైనా తెలిస్తే తెలియనివ్వండి. మూడింటికి మాత్రం నేను రాకుండా పాట మొదలవదు.